పదమూడు కిలోమీటర్ల బడి దారికి ఏ ఇంజిన్? ఒక సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ ఎంపిక – కేస్ స్టడీ

2025 మే మొదటి వారంలో మంగళగిరి నుంచి ఒక జంట విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చారు. భార్య దుగ్గిరాల మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్, భర్త బ్యాంకు ఉద్యోగి. జూన్ 12న బడులు తెరిచే లోగా సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ డీజిల్ ఒకటి చూసి పెట్టమన్నది వారి కోరిక. ఖర్చు నాలుగున్నర లక్షలు దాటకూడదన్నది షరతు. పద్దెనిమిదేళ్లు మెకానిక్‌గా పనిచేసిన నేను, గత ఆరేళ్లుగా కొనేవారి తరఫున పాత కార్లను పరీక్షించి, చూసింది చూసినట్టు కాగితం మీద రాసి ఇచ్చే పని చేస్తున్నాను. ఫీజు మూడు వేలు కొనేవారి దగ్గరే తీసుకుంటాను; అమ్మేవారి దగ్గర గానీ బ్రోకర్ దగ్గర గానీ టీ కూడా తాగను.

ఆ రోజు మాట్లాడిందంతా భర్తగారే. డీజిల్ అయితే మైలేజీ బాగుంటుందని, ఒంగోలులో అత్తవారింటికి హైవే మీద వెళ్లడానికి పికప్ ఉండాలని, నెలకు పదిహేను వందల కిలోమీటర్లు తిరుగుతామని ఆయన చెప్పుకొచ్చారు. రోజూ స్టీరింగ్ పట్టేది ఎవరని నేను అడిగినప్పుడు మాత్రం టీచరు గారు తొలిసారి నోరు విప్పి, "నేనేనండీ. ఈయన బ్యాంకు మా పక్క వీధిలోనే, నడిచి వెళ్తారు" అన్నారు. కారు గురించి అడగడానికి వచ్చే మనిషి, దాన్ని నడపబోయే మనిషి వేరువేరుగా ఉండడం నా దగ్గరకు వచ్చే కేసుల్లో కొత్తేమీ కాదు. అందుకే కాగితం తిప్పి, మళ్లీ మొదటి నుంచి టీచరు గారినే అడిగి రాసుకున్నాను.

ఇంటి నుంచి బడికి 13 కిలోమీటర్లు, రానుపోను 26. బడి పనిదినాలు ఏడాదికి సుమారు 220 కాబట్టి ఆ లెక్కన 5,720 కిలోమీటర్లు. ఒంగోలుకు రానుపోను 260. రెండు నెలలకు ఒకసారి వెళ్తారు కాబట్టి 1,560. ఊళ్లో తిరుగుడు, గుంటూరులో పెళ్లిళ్లు, విజయవాడలో షాపింగ్ అన్నీ కలిపి మరో 1,200 వేసుకున్నాము. మొత్తం ఏడాదికి 8,500 కిలోమీటర్లకు అటూ ఇటూ. భర్తగారు చెప్పిన నెలకు పదిహేను వందలంటే ఏడాదికి 18,000 కిలోమీటర్లు. అందులో సగం కూడా తేలలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఒంగోలు ప్రయాణం గుర్తుండిపోతుంది, వేసవి సెలవుల్లో కారు కదలకుండా నిలబడిన నలభై, యాభై రోజులు గుర్తుండవు.

లెక్క డీజిల్ వైపే మొగ్గింది

అప్పటికి మన రాష్ట్రంలో పెట్రోల్ లీటరు దాదాపు 110 రూపాయలు, డీజిల్ దాదాపు 97. 2014 తర్వాతి స్విఫ్ట్‌కు కంపెనీ చూపిన మైలేజీ పెట్రోల్‌కు 20.4, డీజిల్‌కు 25.2 కిలోమీటర్లు, కానీ ఆ అంకెలు పరీక్ష గదిలోనివి, మన కాలువ కట్టల మీదివి కావు. పాత పెట్రోల్ కారుకు 15, డీజిల్ కారుకు 19 వేశాను. పెట్రోల్‌కు అంత తక్కువ వేయడానికి ఒక కారణం ఉంది: ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లను ఆ మిశ్రమానికి తగ్గట్టు రూపొందించలేదు. పాత ప్రమాణాల నాలుగు చక్రాల వాహనాలకు మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ ప్రణాళికలోనే ఉంది.

ఈ లెక్కన కిలోమీటరుకు పెట్రోల్ ఖర్చు 7 రూపాయల 33 పైసలు, డీజిల్ ఖర్చు 5 రూపాయల 10 పైసలు. తేడా రెండు రూపాయల పైచిలుకు, ఏడాదికి దాదాపు 19,000. ఇది చిన్న మొత్తం కాదు, దాన్ని నేను వారి దగ్గర దాచలేదు. "చూశారా, నేను చెప్పలేదూ!" అన్నారు భర్తగారు. భర్తగారి ఊహ ప్రకారం తిరిగి ఉంటే ఈ మిగులు నలభై వేలు అయ్యేది, అప్పుడు నేను రాసే నివేదిక కూడా వేరుగా ఉండేది.

ఆ డీజిల్ ఇంజిన్ గురించి కొంచెం చెప్పాలి. అది ఫియట్ మల్టీజెట్, 1,248 సీసీ, 75 హార్స్‌పవర్, 2,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. స్విఫ్ట్‌లోకి 2007లో వచ్చి, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు మొదలయ్యే నాటికి మారుతి డీజిల్ కార్లే మానేసేదాకా నడిచింది. పుంటోలోనూ, ఇండికా విస్టాలోనూ, రిట్జ్‌లోనూ ఇదే ఇంజిన్ ఉండేది కాబట్టి ఆటోనగర్‌లో దాన్ని విప్పి బిగించలేని మెకానిక్ ఉండడు. పెట్రోల్ వైపు 1,197 సీసీ కే సిరీస్ ఇంజిన్. దీని టార్క్ 115, అదీ 4,000 ఆర్‌పీఎమ్ దాకా లాగితేనే పూర్తిగా అందుతుంది. సీసీలు ఈ గీతల దగ్గరే ఆగడం వెనుక పన్నుల లెక్క ఉంది: నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1,200 సీసీ లోపు, డీజిల్ అయితే 1,500 సీసీ లోపు ఉన్న కారుకే చిన్న కారు రాయితీ. మన దేశంలో హ్యాచ్‌బ్యాక్ ఇంజిన్లను ఇంజనీర్లు సగం డిజైన్ చేస్తే, మిగతా సగం బడ్జెట్ డిజైన్ చేసిందని మా షెడ్డులో అనుకుంటూ ఉంటాము.

కాగితం మీద ఇంజిన్‌గా చూస్తే డీజిల్‌దే పైచేయి. అయినా నేను వెంటనే ఒప్పుకోకపోవడానికి కారణం ఇంజిన్ కాదు, ఆ ఇంజిన్‌ను అప్పట్లో ఎవరు కొన్నారన్నది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తీసేసే దాకా, ముఖ్యంగా 2011, 2012, 2013 సంవత్సరాల్లో, పెట్రోల్‌కూ డీజిల్‌కూ మధ్య లీటరుకు ఇరవై, ముప్ఫై రూపాయల తేడా ఉండేది. ఆ రోజుల్లో లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి డీజిల్ స్విఫ్ట్ కొన్న మనిషి ఊరికే కొనలేదు. రోజుకు ఎనభై, వంద కిలోమీటర్లు తిరిగే మెడికల్ రిప్రజెంటేటివో, కాంట్రాక్టరో, ట్రావెల్స్ వారో అయి ఉంటారు. పెట్రోల్ స్విఫ్ట్ కొన్నది ఎక్కువగా ఆదివారం గుడికి, నెలకొకసారి ఊరికి వెళ్లే కుటుంబం. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఇంజిన్‌ను ఎంచుకోవడమంటే, తెలిసో తెలియకో పాత యజమానిని ఎంచుకోవడమే. పదేళ్ల డీజిల్ కారు మీటరు మీద అరవై వేలు కనిపిస్తే సంతోషించకుండా అనుమానించాలని నేను చెప్పేది ఇందుకే.

చూసిన మూడు కార్లు

మొదటిది భర్తగారే వెతికి పట్టుకున్నది: విజయవాడలో ఒక డీలరు దగ్గరున్న 2014 స్విఫ్ట్ వీడీఐ (డీజిల్ రకం), మీటరు మీద 68,000, ధర 3 లక్షల 95 వేలు. తెల్ల రంగు, కొత్త సీటు కవర్లు, మెరిసిపోతున్న డాష్‌బోర్డు. నేను కారు దగ్గరకు వెళ్లకుండా ముందు నంబర్ ప్లేటు చూశాను. ఏపీ 39 అని ఉంది. జిల్లాకొక కోడ్ తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 తెచ్చింది 2019లో. మరి 2014లో తయారైన కారుకు ఆ నంబరు రావాలంటే, అది 2019 తర్వాత వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ అయి ఉండాలి. ఆర్సీలో చూస్తే అదే తేలింది: ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) మీద వచ్చిన బండి. అప్పటికి ఢిల్లీలో డీజిల్ కార్లకు పదేళ్ల పరిమితి ఉండడం వల్ల, గడువు దగ్గర పడ్డ కార్లు అక్కడ చవకగా దొరికి ఇటు చేరుతుండేవి. అది నేరం కాదు, కాగితాలన్నీ సక్రమంగానే ఉండవచ్చు. అయితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేసినంత మాత్రాన వయసు మళ్లీ మొదలు కాదు. పదిహేనేళ్లు మొదటి రిజిస్ట్రేషన్ నుంచే లెక్క, అంటే 2029లో రెన్యువల్, దానికి ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్.

బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. నేను రాకముందు స్టార్ట్ చేయవద్దని ఫోన్లో చెప్పి ఉంచినా చేశారంటే, చల్లగా ఉన్నప్పుడు ఆ ఇంజిన్ చేసే శబ్దం నాకు వినిపించకూడదని అర్థం. మల్టీజెట్‌కు బెల్టు కాదు, టైమింగ్ చైన్ ఉంటుంది. సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) పట్టే ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకే కాబట్టి, ఆయిల్ మార్చడం ఆలస్యం చేస్తూ పోతే చైన్ సాగుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి రెండు, మూడు సెకన్లు గలగలమంటుంది. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టాను. లోపాలను చూపే కోడ్‌లు ఒక్కటీ లేవు. అక్కడితో తృప్తిపడి స్కానర్ తీసేసేవారు ఉంటారు. అదే స్కానర్‌లో, కోడ్‌లు చెరిపిన తర్వాత కారు ఎంత దూరం నడిచిందో చూపే వరుస ఒకటుంటుంది. అందులో 11 కిలోమీటర్లు అని ఉంది. అంటే నిన్నో మొన్నో ఎవరో తుడిచారు. ఏం తుడిచారో నాకు తెలియవలసిన అవసరం లేదు. ఇంజిన్ ఆగకుండానే ఆయిల్ పోసే మూత తీస్తే పొగ దమ్ము దమ్ముగా కొట్టింది, అది లోపల అరిగిన ఇంజిన్‌కు గుర్తు. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు అరిగి నున్నగా అయిపోయింది, సీటు కవరు కింద చెయ్యి పెడితే డ్రైవరు వైపు ఫోమ్ కుంగిపోయి ఉంది. ఛాసిస్ నంబరుతో సర్వీసు రికార్డు తెప్పిస్తే, 2019లో చివరిసారి షోరూమ్ సర్వీసు చేయించిన నాటికే 1,31,000 కిలోమీటర్లు. డీలరుకు ఆ కాగితం చూపిస్తే, "సార్, మేము కొన్నప్పుడే మీటరు అలా ఉంది" అన్నాడు. కావచ్చు.

ఇంజెక్టర్లు, టర్బో, చైన్ సెట్టు – ఈ మూడింటిలో ఏ రెండు వచ్చినా మా ఆటోనగర్ రేట్లలో కూడా అరవై, డెబ్బై వేలకు తక్కువ కాదు. మూడేళ్లలో డీజిల్ వల్ల మిగిలే 57,000 అక్కడే కరిగిపోతుంది. రోజూ పదమూడు కిలోమీటర్లే నడిచి ఆగిపోయే డీజిల్ ఇంజిన్‌లో ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసి పట్టడం కూడా సహజం; పైగా పసుపు సీజన్‌లో దుగ్గిరాల యార్డుకు బస్తాల ట్రాక్టర్లు బారులు తీరితే, టీచరు గారి ప్రయాణంలో సగం రెండో గేరులోనే సాగుతుంది. భర్తగారు ఆ రోజు ఏమీ మాట్లాడలేదు.

రెండోది 2018 గ్రాండ్ ఐ10 పెట్రోల్, కృష్ణా జిల్లా ఏపీ 16 నంబరు, 36,000 కిలోమీటర్లు, 4 లక్షల 20 వేలు. ఇంజిన్ నిశ్శబ్దంగా నడుస్తోంది, కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) బాగుంది, టీచరు గారికి సీటు ఎత్తు కూడా నచ్చింది. విజయవాడ కారు కావడంతో నేను 2024 సెప్టెంబరు నాటి బుడమేరు వరదను మనసులో పెట్టుకునే వెళ్లాను. వెనుక సీటు బెల్టును చివరి దాకా లాగాను. సాధారణంగా ఎవరూ అంత దాకా లాగరు, కాబట్టి కడిగేవాడూ లాగడు. చివరి జానెడు పట్టీ మీద లేత మట్టి రంగు గీత ఒకటి అడ్డంగా కనిపించింది. డిక్కీలో స్టెప్నీ తీసి కార్పెట్ కింద వేలు పెడితే ఎండిన ఒండ్రు మెత్తగా అంటుకుంది; సీటు బోల్టులకు తుప్పు. కడిగి ఆరబెట్టి, సెంటు కొట్టి పెట్టిన బండి. వరద నీటిలో మునిగిన కారు ఇంజిన్ బాగు చేసుకోవచ్చు గానీ, వైరింగ్ కనెక్టర్లలోకి చేరిన తడి ఏడాది తర్వాత ఏ అర్ధరాత్రి ఏ లైటు ఆర్పుతుందో చెప్పలేము. దాని గురించి నివేదికలో రెండే వాక్యాలు రాశాను.

మూడోది తెనాలిలో దొరికింది. 2017 జులైలో రిజిస్టర్ అయిన స్విఫ్ట్ పెట్రోల్, వీఎక్స్ఐలో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న ఆప్షనల్ రకం, గుంటూరు జిల్లా ఏపీ 07 నంబరు, ఒకే యజమాని, 41,000 కిలోమీటర్లు. అమ్ముతున్నది రిటైరైన ఒక పెద్దాయన. డల్లాస్‌లో కొడుకు దగ్గర ఐదు నెలలుండి వచ్చి, ఇక డ్రైవింగ్ చాలనుకున్నారు. ఆ తరం స్విఫ్ట్‌లో మామూలు వీఎక్స్ఐకి రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి కాదు. 2018లో వచ్చిన కొత్త తరంతోనే అన్ని రకాలకూ ఇచ్చారు. అందుకే ఈ ఆప్షనల్ మాట మీద నేను ముందే పట్టుబట్టాను. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని సెకన్ల తర్వాత ఆరిపోయింది. అసలు వెలగకపోతే ప్రమాదంలో బ్యాగులు పేలిన తర్వాత ఎవరో ఆ దీపాన్నే పీకేశారని అనుమానించాలి.

ఈ కారులో మీటరును నమ్మడానికి నాకు దొరికిన సాక్ష్యం టైర్లు. నాలుగింటి మీదా, స్టెప్నీ మీదా తయారీ అంకెలు 2317, అంటే 2017లో 23వ వారం. కారుతో పాటు వచ్చిన టైర్లే ఇంకా ఉన్నాయి; నలభై వేలకు ఎంత అరగాలో అంతే అరిగాయి. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారుకు మొదటి టైర్లు మిగలవు. అదే అంకె రెండో మాట కూడా చెప్పింది: ఎనిమిదేళ్ల రబ్బరు గట్టిపడి పక్కల్లో సన్నని పగుళ్లు తేలింది, వాటితో హైవే ఎక్కకూడదు. పెయింటు మందం కొలిచే మీటరు ఎడమ వెనుక తలుపు మీద తప్ప అంతటా 100 నుంచి 130 మైక్రాన్లు చూపింది. ఆ తలుపు మీద 400 దాటింది, అంటే మళ్లీ రంగు వేశారు. "గేటు స్తంభానికి రాసుకుంది బాబూ, మా మనవడు నేర్చుకుంటుంటే" అని పెద్దాయన నేను అడగకముందే చెప్పారు. స్తంభం కూడా చూపించారు, దాని మీద ఆ రంగు ఇంకా ఉంది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్‌లో తేడా పది శాతం లోపే, ప్లగ్గులు లేత గోధుమ రంగు, చల్లటి ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంది.

పెద్దాయన 4 లక్షల 35 వేలు అడిగారు. టైర్లకు, కొత్త బ్యాటరీకి అయ్యే ఖర్చు కాగితం మీద వేసి చూపిస్తే, బేరం 4 లక్షల 10 వేలకు కుదిరింది. యాజమాన్యం మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు ఆ రోజే పెట్టించి, పెండింగ్ చలాన్లు లేవని, హైపోథికేషన్ (ఆర్సీ మీద లోను తాకట్టు) తీసేశారని సరిచూసి, ఇన్సూరెన్సు కూడా పేరు మార్చుకోవాలని టీచరు గారికి చెప్పాను. ఆర్సీ మార్చి ఇన్సూరెన్సు వదిలేసేవారు చాలామంది, ప్రమాదం జరిగినప్పుడే ఆ సంగతి గుర్తుకొస్తుంది.

తర్వాత జరిగినది, నేను తప్పిన చోటు

జూన్ 10న కారు ఇంటికి చేరింది. మూడు వారాలకు టీచరు గారు ఫోన్ చేశారు: పొద్దున్న రెండు, మూడు సార్లు తిప్పితే గానీ స్టార్ట్ కావడం లేదు, ఆ రోజైతే బడి గేటు ముందే ఆగిపోయింది. వెళ్లి గేజ్ పెడితే ఫ్యూయెల్ పంపు ప్రెషర్ సగానికి సగం తక్కువ. ట్యాంకులోంచి పంపు తీస్తే దాని స్ట్రైనర్‌కు (వడపోత జాలికి) జిగురులాంటి మడ్డి పట్టి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది: పెద్దాయన అమెరికాలో ఉన్న ఐదు నెలలూ ఆ కారు పావు ట్యాంకు పెట్రోల్‌తో కదలకుండా నిలిచింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు ఖాళీగా ఉన్న కొద్దీ లోపల గాలి ఎక్కువ, తేమ ఎక్కువ. ఐదు నెలల మాట నా నివేదికలో నేనే రాశాను. రాసి కూడా పాత పెట్రోల్ తీయించలేదు, ప్రెషర్ గేజ్ పెట్టలేదు. ఇంజిన్ మొదటి తిప్పుకు అందుకోవడంతో మురిసిపోయాను.

పంపు, స్ట్రైనర్, ట్యాంకు శుభ్రం చేసిన కూలీ కలిపి 6,800 రూపాయలు అయింది. నా ఫీజు మూడు వేలు వెనక్కి ఇచ్చాను. "అవసరం లేదండీ" అన్నారు టీచరు గారు, భర్తగారు మాత్రం తీసుకున్నారు. ఆయన చేసింది సరైనదే. అప్పటి నుంచి మూడు నెలలకు మించి నిలిచిన పెట్రోల్ కారుకు ప్రెషర్ గేజ్ పెట్టకుండా నివేదిక మీద సంతకం చేయడం లేదు. వేసవి సెలవులకు ముందు ట్యాంకు నిండుగా కొట్టించమని, పది రోజులకు ఒకసారి కారును పెదవడ్లపూడి దాకా అయినా తిప్పి తెమ్మని టీచరు గారికి చెప్పాను.

ఏడు నెలలు గడిచాక లెక్క అడిగితే 4,900 కిలోమీటర్లు నడిచింది. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు చూసిన సగటు మైలేజీ 15.8, ఒంగోలు వెళ్లి వచ్చిన రెండు సార్లూ 18 దాటింది. హైవే మీద లారీని దాటేటప్పుడు డీజిల్ లాంటి తోపు లేదని భర్తగారు ఇప్పటికీ అంటారు, ఆ మాట నిజం. టీచరు గారు దానికి మూడో గేరులోకి దించి దాటడం అలవాటు చేసుకున్నారు. ఈ మధ్య స్పీడ్ బ్రేకర్ మీద ముందు ఎడమ వైపు టక్కుమంటోందట. ఫోన్లో విన్నంతవరకు సస్పెన్షన్‌లోని లోయర్ ఆర్మ్ బుష్ అనిపించింది. సంక్రాంతి సెలవుల్లో షెడ్డుకు తీసుకొస్తామన్నారు.